బొమ్మ వరకే

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం

ఈరోజు నన్ను ఒకరు మెచ్చుకున్నారు. ఎనిమిది నెలల ఉద్యోగంలో ఇదే మొదటిసారి. ఇంట్లో చెబితే అమ్మ "జీతం పెంచుతరట్నా?" అని అడుగుతుంది. అందుకని ఇక్కడ.

ఎం.ఏ. ఇంగ్లీషు, యూనివర్సిటీలో మూడో ర్యాంకు. బాపు వీసా మీద దోహా వచ్చింది మ్యూజియంలో చేరడానికి. చేరింది అల్ ఘర్రాఫాలో ఫ్రేముల షాపు కౌంటర్లో. డెంటల్ క్లినిక్కులకు సూర్యాస్తమయాలు, సెలూన్లకు గుర్రాలు. నా మీద మేనేజరు సుధాకరరావు గారు, కాకినాడ మనిషి. వెనక వర్క్‌షాపులో కోత, బిగింపు పనులు చేసే గంగన్న, జగిత్యాల దగ్గరి పల్లె. సామ్రాజ్యం ఇంతే.

పదకొండు గంటలకు ఒక పెద్దావిడ వచ్చింది. వెనకాల డ్రైవరు, అతని చేతుల్లో పూల దుప్పటి మూట. హబీబున్నీసా బేగం. ఉమ్ సలాల్‌లో విల్లా, పాతికేళ్లు ఇక్కడి స్కూల్లో లెక్కల టీచరు, సొంత ఊరు బోధన్. భర్త డాక్టర్ గయాజ్ పోయి రెండేళ్లయింది. మూట విప్పితే పన్నెండు ఎచింగులు. పందొమ్మిదో శతాబ్దపువి. లండన్, పారిస్, నాకు పేరు తెలియని ఇంకేవో ఊళ్లు. అన్నిటిలోనూ నది, ఒడ్డున గోదాములు, పొగ. ఒకదాంట్లో నదికి అడ్డంగా పెద్ద వంతెన. డాక్టరు గారు ముప్పయ్యేళ్లపాటు పాత దుకాణాల్లో వెతికి వెతికి ఒక్కొక్కటిగా కొన్నారట.

"కూర్చోండి మేడం, సైజులు చూసుకుని వస్తాను" అని స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి, ఎచింగు అంటే ఏమిటో ఫోన్లో ఆరు నిమిషాల వీడియో చూసి వచ్చాను.

"మేడం, ఈ నది తారుమారుగా పారుతోంది" అన్నాను. "రాగిరేకు మీద మైనం పూసి సూదితో గీస్తారు. యాసిడ్‌లో ముంచితే గీతలు లోతుగా పడతాయి. సిరా నింపి కాగితం మీద అదిమితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి. ఈ బొమ్మ వేసినాయన ఒడ్డున కూర్చుని నేరుగా రేకు మీదే గీశాడు. కాబట్టి నిజం లండన్‌లో ఈ గోపురం అటువైపు ఉంటుంది."

ఆవిడ నన్నే చూసింది. "మా ఆయన గిదే ముచ్చట ముప్పై ఏండ్లు చెప్పిండు బేటా. నాకు సమజ్ కాలేదు. నువ్వు ఒక్కసారి చెప్తే అయింది."

వీడియో చేసినవాడికి వందనాలు.

ఆవిడ స్టూడెంట్ ఒకామె ఇప్పుడు మ్యూజియంలో పెద్ద పోస్టులో ఉందట. నేను చూస్తున్న అసిస్టెంటు ఉద్యోగానికి ఉత్తరం రాసిస్తానంది. దరఖాస్తు గడువు ఇరవై ఎనిమిది. ఆవిడ కోరిక ఒక్కటే: పన్నెండూ ఒకే సైజు బంగారు రంగు ఫ్రేముల్లో, రంజాన్ మొదలయ్యేలోపు గోడ ఎక్కాలి. తను అన్న కూతురి పెళ్లికి హైదరాబాద్ వెళ్లి పదిహేనున వస్తుంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఏదో హోటలు వాళ్లు వద్దనుకున్న బంగారు ఫ్రేములు సరిగ్గా పన్నెండు స్టాకులో ఉన్నాయి. సుధాకరరావు గారు దీన్ని దైవ నిర్ణయం అన్నారు. చిక్కల్లా కాగితాలు ఫ్రేముల కంటే అన్ని వైపులా మూడు వేళ్లు పెద్దవి.

"సైజుకి సర్దేయమ్మా. నువ్వు చదువుకున్నదానివి" అన్నారాయన. ఆ మాట అన్నాక ఎవరైనా సర్దక ఏం చేస్తారు.

పన్నెండు జాబ్ చీట్లు రాశాను. నంబరు, ఫ్రేము కొలత, కింద ఇంగ్లీషులో "ట్రిమ్ టు ఇమేజ్". అంటే బొమ్మ వరకే. మరకలు పడ్డ ఖాళీ అంచులు ఎవరికి కావాలి? కింద నా పొట్టి సంతకం, పాము పడగలాంటి ఎస్.

గంగన్న ఒక్కో బొమ్మా వెలుతురుకు ఎత్తి చూశాడు. పదహారేళ్లుగా గల్ఫ్‌లో ఉన్న మనిషి, యాభై నాలుగేళ్లు. చూసి చూసి, "గీ కమానుకు ఎన్ని గీతలు గీసిండమ్మ, నాలుగొందలుంటయి. గీ బస్తా మోసెటోనికి మూడు" అన్నాడు.

"దూరంగా ఉన్నాడు కదా గంగన్నా, అందుకని."

"మా సైట్ల గూడ గంతే. ఇంజినీరు ఫోటో తీస్తే క్రేను మంచిగొస్తది."

ఏడు బొమ్మల్లో కింది అంచులో, అసలు బొమ్మ గీత దాటాక, బొటనవేలి గోరంత చిన్న బొమ్మ విడిగా ఉంది. ఒకదాంట్లో పడవ. ఒకదాంట్లో కుక్క. వంతెన బొమ్మ కింద పైపు తాగుతూ నిలబడ్డ మనిషి.

"అమ్మా, ఈడొక మనిషున్నడు. కొయ్యాల్నా?"

"అది సూది పని చేస్తుందో లేదో గీసి చూసుకున్నది. మనం పెన్ను గీసి చూస్తాం చూడు, అట్లా. కోసెయ్."

కాసేపటికి కౌంటరు దాకా వచ్చి మళ్లీ అడిగాడు. "నిజంగనే కొయ్యాల్నా? మంచిగ నిలవడ్డడు."

"చీటీ మీద రాశాను కదా" అన్నాను. అప్పుడు నేను మ్యూజియం దరఖాస్తు నింపుతున్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

పన్నెండూ అయిపోయాయి. బంగారంలో ఎంత శుభ్రంగా ఉన్నాయో.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఉమ్ సలాల్ వెళ్లి తగిలించి వచ్చాం. మేడం ఊళ్లో లేదు, ఇంటిపని చూసే రమీజా తలుపు తీసింది. గంగన్న దారం కట్టి, రసమట్టం పెట్టి, వెంట్రుకంత తేడా లేకుండా బిగించాడు. చివరికి వెనక్కి నడిచి చూసి, "గీ దేశంల ఒక్క వాగు లేదు. గీ గోడకు పన్నెండు నదులు" అన్నాడు. రమీజా నవ్వి మాకు పాలు లేని సులేమానీ చాయ్ ఇచ్చింది. బయట తోటలో మేకలు, పైపుతో ఖర్జూరం చెట్లకు నీళ్లు పెడుతున్న పనివాళ్లు. లోపల గోడ మీద లండన్ కూలీలు. రెండిట్లోనూ మనుషులు మూడు గీతల్లోనే కనిపించారు. ఈ వాక్యం ఇంటర్వ్యూలో వాడుకోవచ్చు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ దేశమంతా స్పోర్ట్స్ డే సెలవు. మేముండే ముఐథర్ అంతా నడుస్తోంది. అమ్మ కూడా కొత్త బూట్లేసుకుని పార్కుకు పోయి, రెండు రౌండ్లకే కూర్చుందట.

దరఖాస్తులో "మీ ప్రధాన బలం" అనే గడి ఉంది. సూక్ష్మ పరిశీలన అని నింపాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

హబీబున్నీసా మేడం నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చి, కూర్చోకుండా, "ఫరీదుద్దీన్ మామూ ఏడి?" అంది.

ఆ పేరు గల మనిషి ఇక్కడ పని చేయడం లేదన్నాను. నిజంగా అలాగే అన్నాను.

విషయం ఇది. డాక్టరు గారికి ఒక మేనమామ ఉండేవాడు, ఫరీదుద్దీన్. ఏ పెళ్లి ఫోటోలో చూసినా ఆ చివర, అంచు దగ్గర, సగం తెగిపోయి నిలబడి ఉండేవాడట. లండన్‌లో డాక్టరు గారు మొదటి ఎచింగు కొన్నది వంతెన చూసి కాదు. కింద అంచులో పైపు తాగుతున్న ఆ చిన్న మనిషి అచ్చం మామూలా ఉన్నాడని. రోజూ సాయంత్రం చాయ్ తాగాక భూతద్దం పెట్టి ఆ మనిషికి సలాం చెప్పేవారు. తర్వాత కొన్నవన్నీ ఆయనకు తోడుగా కొన్నవే.

"లండన్ నాకెందుకు బేటా? నేను పోయి చూసిన. చలి తప్ప ఏం లేదు. నాకు మామూ కావాలె. గా కుక్క, గా పడవ, అన్నీ ఏడికి పోయినయ్?"

సుధాకరరావు గారు వర్క్‌షాపు వైపు తిరిగి, "ఎవరయ్యా అంచులు కోసింది?" అని అరిచారు.

గంగన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నేనే కోసిన సార్."

అని నా వైపు చూశాడు. కౌంటరు కింద ఒక టైలు పగిలి ఉంది. ఎప్పుడు పగిలిందో, చూసుకోలేదు.

ఆయన ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగాను. చెప్పలేదు. అది ఆయన ఇష్టం.

ఫిబ్రవరి 17, సోమవారం

సుధాకరరావు గారు తలుపు వేసి మాట్లాడారు. "ఎలాగూ అతని వీసా రెన్యువల్ వచ్చే నెలే. క్యాన్సిల్ పెట్టేద్దాం. ఇరవయ్యేడున టికెట్టు. మేడంకి ఓ మెయిలు కొట్టు, చదివితే ఆవిడకే జాలెయ్యాలి."

"ఆయన పదహారేళ్లుగా..."

"అందుకే. చాలు కదా పదహారేళ్లు. ఎవర్నో ఒకర్ని తీసేశాం అని చెప్పకపోతే, ఆవిడ పదిమందికి చెప్తుంది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు సగం దోహాని నడుపుతున్నారు."

మెయిలు రాశాను. "బాధ్యుడైన కార్మికుడిని విధుల నుంచి తొలగించాము" అనే భావం ఇంగ్లీషులో చాలా హుందాగా వచ్చింది. "డీప్లీ" తీసేసి "సిన్సియర్లీ" పెట్టాను. మొదటిదాంట్లో అతి ఎక్కువైంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

చీటీ మీద ఏం రాశానో సరిగ్గా గుర్తు లేదు. కొలతలు మాత్రం రాశాను.

తర్వాత: గుర్తుంది.

ఇంకా తర్వాత: గంగన్న కూతురు నిజామాబాద్‌లో నర్సింగు రెండో ఏడు. ఇంకో రెండేళ్లు ఇక్కడుంటే ఆ పిల్ల చదువు ఒడ్డెక్కుతుందని నాతోనే అన్నాడు, జనవరిలో. యాభై నాలుగేళ్ల మనిషిని ఇంకో కంపెనీ తీసుకోదు. నన్ను తీసేస్తే నేను ముఐథర్ దాకా పోతాను, ఇరవై నిమిషాలు. ఆయన్ను తీసేస్తే జగిత్యాల దాకా. ఈ దూరాలు ఎందుకు కొలుస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 19, బుధవారం

జాబ్ చీట్ల ఫైలు తీశాను. ఎందుకు తీశానంటే, ఫైళ్లు అప్పుడప్పుడు సర్దాలి. జనవరివి ఉన్నాయి. మొన్నటివి ఉన్నాయి. ఆ పన్నెండూ లేవు.

గంగన్నను మామూలుగా అడిగినట్టు అడిగాను. "ఉమ్ సలాల్ చీట్లు ఫైల్లో పెట్టలేదా?"

"బొమ్మల ఎనక ఉన్నయి గదా."

"ఎనకా?"

గల్ఫ్‌కు రాకముందు ఆయన ఊళ్లో దర్జీ అట. నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. దర్జీ కుట్టగా మిగిలిన గుడ్డ ముక్కలు దాచుకోడు. కొలత చీటీ, మిగిలిన ముక్క కలిపి గుండుసూది గుచ్చి, బట్టలతో పాటు తిరిగి ఇచ్చేస్తాడు. లేకపోతే గుడ్డ దొంగ అంటారు. ఈ కాగితం కూడా గట్టిది, మంచిది, మంది సొత్తు. కోసిన అంచులు ఏ బొమ్మవి ఆ బొమ్మకు దారంతో చుట్టి, నా చీటీకి సూదితో గుచ్చి, ఖాకీ కవర్లో పెట్టి ఫ్రేము వెనక అంటించాడు. పన్నెండుకు పన్నెండూ.

"ఎవల బట్ట వాళ్లదే గదమ్మా" అన్నాడు.

అంటే మామూ ఉన్నాడు. కుక్క ఉంది. పడవ ఉంది.

"మరి సార్‌కు చెప్పలేదా?"

"చెప్పవోయిన. చెత్త ముచ్చట తేకు అన్నడు."

అంటే నా చీట్లు కూడా ఉన్నాయి. ఉమ్ సలాల్‌లో, ఆవిడ గోడ మీద, పన్నెండు చోట్ల, నా సంతకంతో.

ఫిబ్రవరి 20, గురువారం

టాక్సీలో ఉమ్ సలాల్ వెళ్లాను. రంజాన్ ముందు ఫ్రేముల వెనక తేమ చేరిందేమో చూడాలని చెప్పాను. ఎడారిలో తేమ. అయినా ఆవిడ లోపలికి రమ్మంది. చాయ్ ఇప్పించింది, చక్కెర అడగలేదు. అసర్ వేళయిందని లోపలి గదిలోకి నమాజుకు వెళ్లింది.

మొదటి ఫ్రేము దించాను. కవరు అక్కడే ఉంది. లోపల కోసిన అంచుల పేలికలు నాలుగు, ఎర్ర దారం, దర్జీ గుండుసూది, నా చేతిరాత. "ట్రిమ్ టు ఇమేజ్." ఇంత అందంగా రాస్తానని నాకే తెలియదు.

చీటీ తీసుకున్నాను. పేలికలు అందులోనే ఉంచాను. దొంగను కాను కదా. రెండోది, మూడోది, నాలుగోది. ఫ్రేములు బరువు. వంతెన బొమ్మ నమాజు గది తలుపుకు ఎదురుగా ఉంది, దాని జోలికి పోలేదు. ఐదోదాని మీద చెయ్యి వేసేసరికి జానమాజ్ చాప మడత పెట్టిన చప్పుడు.

నాలుగు అయ్యాయి. ఎనిమిది మిగిలాయి. ఇంకా రెండు నమాజులు కావాలి.

"తేమ ఏం లేదు మేడం."

"మంచిది." బల్ల సొరుగు తీసి ఒక కవరు ఇచ్చింది. "హైదరాబాద్ పోకముందే రాసి పెట్టిన. నీ మీద కోపం ఎందుకు బేటా, కోసినోడు వేరే. మాట అన్నంక మాటే."

టాక్సీలో చదివాను. "ఈ అమ్మాయి చేతిలో పెట్టిన పాత వస్తువు భద్రంగా ఉంటుంది" అని ఉంది. కింద సంతకం, స్కూలు రోజుల నాటి సీలు. ఆ ఉత్తరమూ నాలుగు చీట్లూ బ్యాగులో ఒకే అరలో పట్టాయి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

"గా మ్యూజియం లెటర్ వచ్చిందా?" అని అమ్మ అడిగింది. వచ్చిందన్నాను. బాపుకు ఫోన్ చేసి చెప్పింది. బాపు స్టోర్లో డ్యూటీలో ఉండి కూడా పదిమందికి చెప్పాడట.

బిర్యానీ చేసింది. తినలేదు. ఉప్పెక్కువైంది. ఎక్కువ కాలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈరోజు సుధాకరరావు గారికి చెప్పేశాను. దాదాపు.

"సార్, ఆ చీట్ల మీద అంచులు తీయమని రాసింది..."

"అమ్మాయ్." ఆయన టీ కప్పు కింద పెట్టారు. "నువ్వేదో చెప్పబోతున్నావు. నేను వినలేదు. విన్నాననుకో, నేనింకో మెయిలు కొట్టించాలి, మొదటిది అబద్ధమని. అది కూడా నువ్వే రాయాలి. ఎందుకీ శ్రమ? బోయినం చేశావా?"

చేశానన్నాను.

ఎవరూ వినకపోతే చెప్పినట్టా కాదా? నా వైపు నుంచి ప్రయత్నం జరిగింది. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

గంగన్న లేబర్ క్యాంపులో సామాను సర్దుతున్నాడట. ఈరోజు వర్క్‌షాపులో కత్తులన్నిటికీ నూనె రాసి వరసగా పెట్టాడు, తర్వాత వచ్చేవాడి కోసం. నన్ను పిలిచాడు.

"బిడ్డా, రెండు పనులున్నయ్. ఒకటి, నాకో సర్టిఫికెట్ రాయి. ఊళ్లె ఏదన్న షాపుల సూపిస్త. సాఫుగ కోస్తడని రాయి. రెండుసార్లు అడిగి కోస్తడని గూడ రాయి."

నేను పెన్ను తీశాను. తీసి పట్టుకున్నాను.

"రెండోది, ఉమ్ సలాల్ అమ్మ ఇంటికి పోయి గా కవర్లు సూపియ్యాలె. నన్ను పోనియ్యరు. నువ్వు పోతవా?"

"గంగన్నా, ఆ రోజు సార్ ముందర నువ్వే చెప్పవలసింది."

"నేను చెప్తే ఎవలింటరు? కాయిదం చెప్తే ఇంటరు. అయినా నువ్వు చెప్తవేమో అని సూసిన. నువ్వు టైలు దిక్కు సూస్తున్నవ్." కోపంగా అనలేదు. గుడ్డ రంగు దిగుతుందని చెప్పినట్టు చెప్పాడు. "నీకు తెల్వక రాసినవ్. నాకు తెల్వక కోసిన. తెల్వకపోవుడు తప్పు గాదు. గని టికెట్ ఒక్కటే వచ్చింది, సూసినవా?"

నవ్వాడు. నేను కూడా నవ్వబోయాను, రాలేదు.

"పన్నెండు చీట్లున్నయ్. నీ రాతే. నువ్వే సూపిస్తే మంచిగుంటది" అన్నాడు.

ఎనిమిది, గంగన్నా. నాలుగు ఈ డైరీ వెనక అట్ట జేబులో ఉన్నాయి.

ఫిబ్రవరి 26, బుధవారం

ఉమ్ సలాల్.

"మళ్ల తేమ చూసేందుకా?" అంది తలుపు దగ్గరే. "ఆ రోజు నువ్వు పోయినంక నాలుగు బొమ్మలు వంకరగ ఉండె. గా గంగన్న తగిలించినయి ఒక్కటి వంకర లేకుండె. నువ్వేదో తీసినవ్ అనుకున్న. ఇల్లంతా చూస్కున్న. రమీజాతోని చెంచాలు గూడ లెక్క పెట్టించిన. ఏం పోలేదు. గప్పటి సంది నాకు సమజ్ అయితలేదు, ఏం తీసినవ్ అని."

రమీజా వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చెంచాలాగే చూసింది.

నేరుగా వెళ్లి వంతెన బొమ్మ దించాను. వెనక్కి తిప్పి కవరు తెరిచాను. దారం ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది, దర్జీ ముడి. కింది పేలిక తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

మేడం భూతద్దం తెచ్చుకుంది. కిటికీ దగ్గర కూర్చుంది. పేలికను వెలుతురు వైపు తిప్పింది.

"అస్సలాము అలైకుం మామూ" అంది చివరికి, మెల్లగా. తర్వాత నాతో, "అంచుల నిలబడుడు ఈయనకు అలవాటే. ఈసారి కొంచెం దూరం పోయిండు, గంతే."

అప్పుడు చీటీ ఇచ్చాను. చదివి వినిపించాను. నాలుగు చీట్లూ బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టి, నేను తీసినవి ఇవీ అన్నాను. గంగన్న రెండుసార్లు అడిగాడని చెప్పాను. రేపే ఆయన ప్రయాణమని, తొలగించామన్న మెయిలు కూడా నేనే రాశానని చెప్పాను. ఇన్ని విషయాలు ఒకేసారి చెబితే గుండె తేలికవుతుందంటారు. అలాంటిదేమీ జరగలేదు.

"లెటర్ ఉన్నదా?"

ఇచ్చాను. చింపుతుందనుకున్నాను. ఆవిడ కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసింది. ఉత్తరం బల్ల మీద పరిచి, అడుగున మూడు వేళ్ల మేర, స్కేలు పెట్టినంత తిన్నగా కోసింది. లెక్కల టీచరు.

పై ముక్క నాకిచ్చింది. "ఇగో. మాటలన్నీ అట్లనే ఉన్నయ్ బేటా, ఒక్క అక్షరం పోలేదు. నా సంతకం, సీలు మాత్రం అంచుల ఉండె."

కింది ముక్కను నాలుగు చీట్లతో కలిపి గుండుసూది గుచ్చి సొరుగులో పెట్టుకుంది.

తర్వాత నా ముందే సుధాకరరావు గారికి ఫోన్ చేసింది. పన్నెండు బొమ్మలూ మళ్లీ ఫ్రేము చేయాలి, అంచులు అతికించి, అంచులు కనబడేలా. గంగన్నే చేయాలి. వేరే మనిషి చెయ్యి పడితే ఒప్పుకోదు. గంగన్న దోహాలో లేకపోతే తనకు ఫ్రేములే వద్దు, కానీ ఎందుకు వద్దో పదిమందికి చెబుతుంది.

అవతల ఆయన ఏమన్నారో వినబడలేదు. ఈసారి మాత్రం విన్నట్టే ఉంది.

ఫిబ్రవరి 27, గురువారం

క్యాన్సిలేషన్ ఫైలు అసలు పంపనే లేదట. "నేను తొందరపడే మనిషినా?" అన్నారు సుధాకరరావు గారు. టికెట్టు వెనక్కిచ్చారు. గంగన్న సర్దిన సామాను మళ్లీ విప్పాలని విసుక్కున్నాడు.

తర్వాత నన్ను పిలిచారు. "నువ్వింత నిజాయితీపరురాలివని తెలిస్తే ఇంటర్వ్యూలోనే వద్దనేవాణ్ణి. రేపట్నుంచి కౌంటర్లో వద్దు. వెనక గంగన్న దగ్గర కూర్చుని పని నేర్చుకో. మెయిళ్లు మాత్రం నువ్వే రాయాలి. చీట్లు రాయకు."

ఫిబ్రవరి 28, శుక్రవారం

దరఖాస్తుకు ఈరోజే గడువు. ఆఖరి రోజు కదా, వెబ్‌సైటు పని చేస్తూ ఉండదు. నేను చూడలేదు.

మార్చి 2, ఆదివారం

రంజాన్ వేళలు. రెండింటికే షాపు మూత.

గంగన్న నాకు పాత క్యాలెండర్లు ఇచ్చి కోయమన్నాడు. పదహారు కోశాను. ఒక్కటీ తిన్నగా రాలేదు. "నీ ఎమ్మే చేతుల్దాక రాలేదమ్మ" అన్నాడు.

బల్ల మీద ఫరీదుద్దీన్ మామూ వంతెన కింద తన చోట ఎండుతున్నాడు. పాత పత్రాలు బాగుచేసే ఆయనెవరినో మేడం పంపిందట, గంజి జిగురు కలపడం గంగన్నకు నేర్పి వెళ్లాడు. అతుకు కనబడుతుంది. వెతికితే కాదు, ఊరికే చూసినా కనబడుతుంది. మేడంకు అదే ఇష్టమట.

"సర్టిఫికెట్ రాయమన్న గదా" అన్నాడు గంగన్న.

"నువ్వు పోవడం లేదు కదా."

"ఎప్పుడో ఒకప్పుడు పోవుడే గద. రాసి పెట్టు."

రాశాను. గంగన్న సాఫుగా కోస్తాడు. కోసేముందు రెండుసార్లు అడుగుతాడు. ఎదుటివాళ్లవి ఎదుటివాళ్లకే తిరిగి ఇస్తాడు. కింద నా పూర్తి పేరు సుహాసిని, ఈసారి పొట్టి సంతకం కాకుండా. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగుది ఆయనే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుకున్నాడు. చదివి, టేపు తీసి కాగితం అడుగు కొలిచాడు.

"కింద గింత జాగ ఇడిసినవేంది? కవర్ల పట్టదు. కొయ్యాల్నా?"

"వద్దు."

బ్లేడు చేతిలోనే ఉంచుకుని నా మొహం చూశాడు.

"నిజంగనే వద్దా?" అని మళ్లీ అడిగాడు.